పదమూడేళ్లు వాయించిన ఎఫ్‌జీ 700 ఎస్: అమ్మకానికి పెట్టే ముందు ఒక సమీక్ష

నా యమహా ఎఫ్‌జీ 700 ఎస్ గిటారును అమ్మాలా వద్దా అని మూడు నెలలుగా ఆలోచిస్తున్నాను. ఇప్పటికి రెండుసార్లు ప్రకటన రాసి, ఫొటోలు తీసి పెట్టాను. రెండుసార్లూ రాత్రి వాయించాక తీసేశాను. ఈ మోడల్ తయారీ 2016 ప్రాంతంలో ఆగిపోయి, దాని స్థానంలో ఎఫ్‌జీ 800 వచ్చింది కాబట్టి, నేను రాసేది కొత్తగా కొనేవారికి నేరుగా పనికిరాకపోవచ్చు. అయితే పాతది దొరికితే కొందామా అని అడిగేవారు ఇంకా ఉన్నారు. అమ్మాలా వద్దా అన్న ప్రశ్నకు కూడా, పదమూడేళ్లలో ఈ వాద్యం నాకు ఏమిచ్చిందో రాసుకుంటే తప్ప సమాధానం దొరికేలా లేదు. కొలతలు, తీగలు బిగించే మరల పట్టు, రంగు వంటివి అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది దాని పై చెక్క గురించి మాత్రమే.

మోడల్ పేరు చివర ఉన్న ఎస్ అనే అక్షరం ఆ చెక్కను ఉద్దేశించినదే. పక్కలూ వెనక భాగమూ పొరలు అతికించిన చెక్క అయినా, పై భాగం మాత్రం పొరలు లేని అసలైన స్ప్రూస్ (పైన్ కుటుంబపు చెట్టు) పలక. పాత గిటారు కొనేవారు ఇది తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలు అవసరం లేదు: మధ్యలోని గుండ్రటి రంధ్రం అంచును వెలుతురులో చూస్తే, పైన కనిపించే సన్నని నిలువు గీతలు తెగకుండా చెక్క మందంలోకి దిగుతాయి. పొరల చెక్క అయితే అక్కడే అడ్డంగా మరో పొర కనిపిస్తుంది. 2012 ఆగస్టులో విశాఖపట్నంలో కొన్నప్పుడు దుకాణంలోని కుర్రవాడు నాకు చూపించినది ఇదొక్కటే. నాకు అప్పట్లో అది వ్యాపార మాటగానే తోచింది.

దాని విలువ నాకు తెలిసింది మామూలు శ్రుతిలో కాదు. అన్నిటికన్నా సన్నదైన ఒకటో తీగనూ అన్నిటికన్నా లావైన ఆరో తీగనూ ‘ఈ’ అనే స్వరం నుంచి ‘డీ’కి, రెండో తీగను ‘బీ’ నుంచి ‘ఏ’కి, అంటే మూడింటినీ ఒక్కో పూర్తి స్వరం దింపితే, లావు తీగ నుంచి సన్న తీగ వరకు వరసగా డీ, ఏ, డీ, జీ, ఏ, డీ వస్తాయి. డీని షడ్జమం అనుకుంటే అవి స ప స మ ప స. మన సంగీతం కొద్దిగా నేర్చుకున్నవారికి కూడా ఇది చూడగానే ఆనందం కలుగుతుంది, ఎందుకంటే మధ్యమావతి రాగానికి కావలసిన ఆధారమంతా వేలు ఆనించని తీగల్లోనే ఉంది. ఆ రాగంలో లేని గాంధారం ఎక్కడా అడ్డు రాదు. ఆరో తీగను బొటనవేలితో మీటి వదిలేసి, మూడు, రెండు, ఒకటి తీగల మీద రాగం వాయిస్తుంటే, ఆ మంద్ర షడ్జమం మనసులో పదిహేను అంకెలు లెక్కపెట్టేదాకా నిలుస్తుంది. అంతసేపూ వెనక చెక్క నా పక్కటెముకలకు ఆనుకుని సన్నగా అదురుతూ ఉంటుంది. కచేరీ చివర మధ్యమావతి పాడే ఆనవాయితీని పాటిస్తూ నా సాయంకాలపు సాధనను నేను కూడా దానితోనే ముగిస్తాను. పదమూడేళ్లలో నేను ఈ గిటారును ఇంతగా ప్రేమించడానికి కారణం ఆ ఒక్క తీగ, దాని కింద ఉన్న ఆ పలక.

ఇప్పుడు 2015 మే నెలలో జరిగినది చెప్పాలి, ఎందుకంటే ఆ నాదానికీ దీనికీ సంబంధం ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. విజయవాడలో నా బావమరిది పెళ్లికి విశాఖ నుంచి కారులో వెళ్లాము. రాత్రి విడిదింట్లో పిల్లల కోసం నాలుగు పాటలు వాయిస్తానని మాట ఇచ్చినందువల్ల గిటారును డిక్కీలో పెట్టుకున్నాను. ఉదయం పది గంటలకు కళ్యాణ మండపం ముందు ఎండలో బండి నిలిపి, ముహూర్తం, భోజనాలు, అప్పగింతలు ముగిశాక సాయంత్రం నాలుగింటికి డిక్కీ తెరిచాను. పెట్టె ఇత్తడి గొళ్లెం చేతికి చురుక్కుమంది. లోపలి నుంచి వేడెక్కిన వార్నీషు వాసన వచ్చింది. ఆరు తీగలూ ఒకే తీరున శ్రుతి దిగి ఉన్నాయి. వేడికి తీగలు సాగాయని నాకు నేనే చెప్పుకుని, మళ్లీ బిగించి, ఆ రాత్రి వాయించాను కూడా. ఆ బిగించడం ఎంత తప్పో నాకు మర్నాడు తెలిసింది.

మర్నాడు ఉదయం తుడుస్తుండగా బ్రిడ్జి (తీగల చివరలు బిగించే, పై చెక్కకు అతికించిన దిమ్మ) వెనక అంచు కింద వెంట్రుక మందాన నల్లటి నీడ కనిపించింది. చేతికి అందిన పెళ్లి శుభలేఖ అంచును అక్కడ పెట్టి చూస్తే అది ఏ అడ్డూ లేకుండా గోరు పొడవున లోపలికి వెళ్లింది. ఈ సైజు గిటారుకు మామూలు తీగల సెట్టు వేస్తే ఆరూ కలిసి 70 కిలోలకు పైగా బరువుతో బ్రిడ్జిని ముందుకు లాగుతూ ఉంటాయి. ఆ లాగుడును నిలిపేది కింద ఉన్న బంక పొర. మూసిన కారులో, మే నెల ఎండలో, ఆ బంక మెత్తబడింది. ఇందులో తయారీ లోపం ఏమీ లేదు, ఏ గిటారుకైనా అదే జరగవచ్చు. తీగలు వదులు చేసి పెట్టినా, పెళ్లి మండపంలో ఒక మూలన ఉంచినా సరిపోయేది.

విశాఖకు వచ్చాక మొదట చూపించిన చోట, అంచు నుంచి క్షణాల్లో అతుక్కునే పల్చటి జిగురు పోసి, అరగంట బిగించి ఇచ్చేశారు. అది ఆరు వారాలు నిలిచింది. ఏడో వారంలో ఒక అర్ధరాత్రి హాల్లో ఏదో విరిగినట్లు పెద్ద చప్పుడైతే లేచి వెళ్లి చూశాను. బ్రిడ్జి పూర్తిగా ఊడి తీగలకు వేలాడుతోంది. దాని అడుగున గడ్డకట్టిన జిగురుకు స్ప్రూస్ పీచులు, కొబ్బరి చిప్పకు అంటిన నార లాగా, అంటుకుని వచ్చాయి. పై చెక్క మీద ఆ మేరకు గుంటలు పడ్డాయి. ఆ జిగురు పోసిన వారి మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. పని తెలియకపోతే తెలియదని చెప్పవచ్చు. తెలియని పనిని ఇంకొకరు బాగుచేయలేని స్థితికి తేవడం మాత్రం క్షమించలేని విషయం.

విశాఖ వన్ టౌన్‌లో వయొలిన్లు, హార్మోనియంలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తెలిసినవారు పంపారు. ఆయన గిటారును చాలాసేపు పట్టించుకోలేదు. బ్రిడ్జిని చేతిలోకి తీసుకుని, ఆ పీచులను వేలిగోటితో తడుముతూ, ‘బాబూ, ఎండ తప్పు కాదు, బంక తప్పు కాదు. తీగ బిగించి పెట్టెలో పెట్టడమే తప్పు’ అన్నారు. తొమ్మిది రోజులు అడిగారు. మొదటి మూడు రోజులూ ఆయన చేసిందల్లా గట్టిపడిన జిగురును గాజుపెంకుతో నెమ్మదిగా గీకి తీయడమే. ఊడిన పీచుల్లో పెద్దవాటిని దాచి, వాటిని మళ్లీ వాటి గుంటల్లోనే కూర్చి అతికించారు. ఆ తర్వాత రెండు ముఖాలూ సమంగా ఆనేదాకా చదును చేసి, వడ్రంగులు వాడే తెల్ల బంక పలుచగా రాసి, రంధ్రంలోంచి లోపలికి చేరే పొడవాటి బిగింపులు వేసి, ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోకుండా ఉంచారు. బిగింపులు తీశాక కూడా రెండు రోజులు తీగలు వేయనివ్వలేదు. బ్రిడ్జి వెనక పై చెక్క కొద్దిగా ఉబ్బి ఉండడం వల్ల తీగలు ఎత్తుగా ఉన్నాయి కాబట్టి, తీగలు ఆనే తెల్లటి పట్టీని అడుగు నుంచి అరగదీశారు. గిటారు మెడ మీది పన్నెండో మెట్టు (వేలు నొక్కే చోట ఉండే లోహపు అడ్డుపట్టీ) దగ్గర తీగ ఒక మిల్లీమీటరు దిగాలంటే ఈ తెల్ల పట్టీలో రెండు మిల్లీమీటర్లు తీయాలని నాకు ఆయన దగ్గరే తెలిసింది.

తీగలు వేసి నేను మొదట మీటినది ఆరో తీగనే. అది మునుపటి నాదం కాదు. సన్న తీగల మెరుపు కొంత తగ్గింది. మంద్రంలో మాత్రం అంతకుముందు లేని లోతు వచ్చింది. మూడో పేరాలో నేను వర్ణించినది ఈ నాదాన్నే. పట్టీ తగ్గడం వల్ల తీగ చెక్కను నొక్కే తీరు మారడం దీనికి కారణం కావచ్చు, ఉబ్బిన చెక్క వదులుగా అదరడం కావచ్చు, ఏళ్లు గడిచి చెక్క పండడం కావచ్చు, నా కుడిచేయి పరిణతి చెందడమూ కావచ్చు. వీటిని విడదీసి చెప్పే మార్గం నాకు లేదు. కాబట్టి ‘ఎఫ్‌జీ 700 ఎస్ కొంటే ఇలాంటి మంద్రం వస్తుంది’ అని మిత్రులకు చాలా ఏళ్లు చెప్పిన మాటను ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పలేను. నాకు నచ్చింది ఈ మోడల్ కాదేమో, ఎండ దెబ్బ తిని ఒక పెద్దాయన చేతిలో బాగుపడిన ఈ ఒక్క గిటారు మాత్రమేనేమో. ఇది అమ్మేసి, కావాలనిపిస్తే ఇదే మోడల్ మరొకటి కొనుక్కోవచ్చు అనే ఊరట అందుకే నాకు లేదు.

అసలైన పై చెక్క ఉన్న గిటారే కొనాలి అని అందరికీ చెప్పేవాణ్ని. అది కూడా కొంత సవరించుకోవాలి. విశాఖలో వానాకాలం వచ్చిందంటే ఆ చెక్క తేమ పీల్చి ఉబ్బేది, తీగలు ఎత్తయ్యేవి, సముద్రపు గాలికి కొత్త తీగలు నెల తిరక్కుండానే తుప్పుపట్టి మూగబోయేవి. 2018లో హైదరాబాదుకు మారాక అందుకు వ్యతిరేకమైన ఇబ్బంది వచ్చింది: మార్చి నుంచి చెక్క ఆరి కిందికి దిగి, తీగలు మెట్లకు తగిలి జరజరమనేవి. మూతకు రంధ్రాలు పొడిచిన సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి ముక్కను వేసి గిటారు పెట్టెలో ఉంచడం అప్పటి నుంచి అలవాటైంది. ఈ శ్రద్ధ తీసుకునే తీరిక లేనివారికి, ఊళ్లు తిరిగేవారికి, పొరల చెక్క గిటారే ఎక్కువ కాలం తోడుంటుంది.

ఇక అమ్మాలన్న ఆలోచన ఎందుకు వచ్చిందంటే, నా ఎడమచేయి. మధ్యమావతిలో రిషభ నిషాదాలను (రి, ని స్వరాలను) ఊపు లేకుండా వాయిస్తే ఆ రాగం రాదు. తీగను మెట్టు మీద పక్కకు లాగి, స్వరాన్ని ఊపే కంపితం పలికించాలి. వీణకు ఎత్తైన మెట్లు ఉండడం వల్ల ఆ లాగుడు సులభం. ఉక్కు తీగల గిటారు మీద అదే పని చేయాలంటే బొటనవేలు మొదట్లోని కీలు భారమంతా మోస్తుంది. ఏళ్ల తరబడి చేసిన ఆ పనికి 2023 నుంచి ఫలితం అనుభవిస్తున్నాను: పావుగంట వాయిస్తే మర్నాడు ఉదయం నీళ్ల సీసా మూత తిప్పలేను. వాయిద్యం మానక్కర్లేదు, బిగువు తగ్గించుకోమని డాక్టరు చెప్పారు. సన్నవైన 11 సైజు తీగలు వేసి చూశాను, శ్రుతి మరో స్వరం దించి చూశాను. చేతికి హాయిగానే ఉంది, కానీ పై చెక్కను కదిలించే బలం ఆ తీగలకు లేక, పదిహేను అంకెలు నిలిచే షడ్జమం ఏడెనిమిదికే ఆరిపోతోంది. నైలాన్ తీగల గిటారుకు మారితే లాగుడు దాదాపు సగానికి తగ్గుతుంది. ఇంట్లో రెండు గిటార్లకు చోటు లేదు. రెండోదానికి డబ్బు కూడా మొదటిది అమ్మితేనే సమకూరుతుంది.

రెండోసారి ప్రకటన పెట్టినప్పుడు కూకట్‌పల్లి నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి వచ్చాడు. బ్రిడ్జి వెనక బియ్యపు గింజంత మేర పూత లేచిన చోటును నేనే ముందు చూపించాను. నా కొడుకు చిన్నప్పుడు అంటించిన నక్షత్రం బొమ్మను పీకేసిన చోట, తేనె రంగుకు తిరిగిన చెక్క మధ్య పాలిపోయిన నక్షత్రం ఉంటుంది. అది చూసి నవ్వాడు. మామూలు శ్రుతిలో కాసేపు వాయించాడు, చేయి మంచిది. తర్వాత నేను శ్రుతి మార్చి ఇచ్చాను. ఆరో తీగను ఒక్కసారి మీటి, అది పూర్తిగా ఆగేదాకా మరో తీగ ముట్టుకోకుండా కూర్చున్నాడు. ‘అంకుల్, ఎనిమిది వేలు తెచ్చాను. కానీ మీరు ఇంకోసారి ఆలోచించుకోండి’ అన్నాడు. ఆ రాత్రే ప్రకటన తీసేశాను.

అతని నంబరు దాచుకున్నాను. డిసెంబరు వరకు రోజుకు పది నిమిషాలకు మించకుండా, కంపితాలు తగ్గించి, మామూలుగా వేసే 12 సైజు తీగలతోనే వాయించి చూస్తాను. చేయి ఓర్చుకుంటే ఉంచుకుంటాను. లేకపోతే ఇంకెవరికీ చూపించకుండా అతనికే, ఆ ఎనిమిది వేలకే, సబ్బుపెట్టెతో సహా ఇచ్చేస్తాను. వేసవిలో దీన్ని కారులో వదిలేయవద్దని మాత్రం అతనితో గట్టిగా చెప్పి పంపాలి.