ఒక్కడే చేసిందా, పదిమందికి ఇచ్చిందా?

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్తూ ఒకే పాటల రెండు ఆల్బమ్‌లూ విన్నాను. ఒకప్పటి బీటిల్స్ బ్యాండ్ గాయకుడు పాల్ మెకార్ట్నీ 2020 లాక్‌డౌన్‌లో చేసి, 78 ఏళ్ల వయసులో విడుదల చేసిన 'మెకార్ట్నీ 3'లో గిటార్, బేస్, డ్రమ్స్, పియానో దాదాపు అన్నీ ఆయనే వాయించాడు. మొదటి పాటలో గిటార్ మీద ఒకే ముక్కని తిప్పితిప్పి వాయిస్తుంటే పక్కన కూర్చుని విన్నట్టే ఉంటుంది. గొంతులో వయసు జీర, దాన్ని దాచలేదు కూడా.

కావలి దాటాక 2021లో వచ్చిన 'మెకార్ట్నీ 3 ఇమాజిన్డ్' పెట్టాను. అవే పాటలను బెక్, ఫీబీ బ్రిడ్జర్స్ లాంటి తనకన్నా చిన్నవాళ్లైన గాయకుల చేతుల్లో పెట్టాడు. రీమిక్స్ అంటే ముఖం చిట్లించే రకం నేను. అయినా బెక్ చేసిన 'ఫైండ్ మై వే'కి కాలు ఊగింది. ఊపు కావాలంటే ఇదే.

సింగరాయకొండ వచ్చేసరికి మాత్రం మళ్లీ ఆ జీర గొంతే పెట్టుకున్నాను.