హాంకాంగ్‌లో రెండు వానకోయిలలు, ఒక స్తంభం

హాంకాంగ్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కి గురువారం సెలవు. ఆ సంగతి చూసుకోకుండా మేం గురువారమే వెళ్లాం. తలుపులు మూసి ఉండటంతో పక్కనే ఉన్న చిమ్‌షాచూయ్ స్టార్ ఫెర్రీ రేవు వైపు నడిచాం. అక్కడ ఒక కాంక్రీటు స్తంభానికి అద్దంలాంటి ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంది. లోపల నల్లటి చైనా అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి.

అవి త్సాంగ్ త్సౌ చోయ్ రాతలు. ఈ రేవు ఉన్న కౌలూన్ ప్రాంతపు నేల తన పూర్వీకులదేనంటూ 1950ల నుంచి దశాబ్దాల పాటు గోడల మీద, స్తంభాల మీద, కరెంటు పెట్టెల మీద బ్రష్షుతో రాశాడాయన. రంగు పూసి చెరిపేస్తే మళ్లీ రాసేవాడు. జనం 'కౌలూన్ రాజు' అని పిలిచారు. ఆ రాతలు 2003లో ఇటలీలోని పెద్ద కళాప్రదర్శన వెనిస్ బియన్నాలే దాకా వెళ్లాయి. 2007లో ఆయన పోయాక ఊళ్లో మిగిలినవి చాలా తక్కువ. వంకరటింకర అక్షరాలే, నాకు ఒక్కటీ చదవడం రాదు. అయినా ఆ పట్టుదల చూసి చాలాసేపు కదల్లేకపోయాను.

మర్నాడు మ్యూజియంకి వెళ్లాం. శాశ్వత ప్రదర్శనలకి టికెట్ లేదు. ప్రత్యేక ప్రదర్శనలకి ఉండొచ్చు. నేను వెళ్లింది వూ గువాన్‌జోంగ్ కోసం. 1919లో పుట్టి, పారిస్‌లో చదువుకుని, 1950లో చైనాకి తిరిగొచ్చిన చిత్రకారుడు. తన చిత్రాలెన్నో ఈ మ్యూజియంకే ఇచ్చేశాడు. కాగితం మీది సిరా వెలుతురుకి ఓర్చుకోదు కాబట్టి చిత్రాలని మారుస్తుంటారు. మా అదృష్టం కొద్దీ 1981 నాటి 'రెండు వానకోయిలలు' ఆ వారం గోడ మీదే ఉంది. చైనాలోని నింగ్‌బో ఊళ్లో ఆయన చూసిన ఇళ్లట. పొడవాటి తెల్లటి గోడ, నల్లటి గుమ్మాలు, ఒక చెట్టు, పైన ఎగిరిపోతున్న రెండు చిన్న పిట్టలు. ఆ తెలుపులో చాలా మేర వట్టి కాగితమే! గోడ గీయకుండానే గోడ కనిపిస్తోంది.

'బ్రష్షూ సిరా విలువ సున్నా' అని ఈయన అన్న మాట చైనా చిత్రకారుల్లో పెద్ద వాదమే రేపింది. బొమ్మ నుంచి విడదీస్తే కుంచె పనితనానికి విడిగా విలువ లేదని ఆయన ఉద్దేశం. నిన్నటి స్తంభం మీద వంకర అక్షరాలే అయినా నన్ను కదల్లేకుండా చేశాయి కాబట్టి నాకది నిజమే అనిపించింది. మన అక్షరాలు తాటాకు చిరగకుండా గంటం కింద గుండ్రంగా తిరిగాయంటారు. గంటం గీతలో లావూ సన్నం తేడా తక్కువ. బ్రష్షుకి అదే ప్రాణం. పీల్చుకునే కాగితం మీద తప్పు దిద్దుకునే వీలూ లేదు.

ప్రాచీన చిత్రాల షూబైజాయ్ సేకరణని గబగబా చూశాం. దానికి ఇంకో పూట కావాలి.

బసకి నాథన్ రోడ్‌లో ఒక గెస్ట్ హౌస్ తీసుకున్నాం. మంచం పక్కన సూట్‌కేసు తెరిచే చోటు లేదు, లిఫ్టు దగ్గర రోజూ క్యూ. కానీ మ్యూజియం నడక దూరం, అదే రోడ్డులోని చుంగ్‌కింగ్ మాన్షన్స్ అనే భవనంలో మన భోజనం దొరుకుతుంది. విమానాశ్రయం నుంచి ఏ21 బస్సు ఆ రోడ్డు మీదే దింపుతుంది, ఎక్స్‌ప్రెస్ రైలు కంటే చాలా చవక. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. అది ఉచితం, 14 రోజులు ఉండనిస్తారు. కాగితం ప్రింటు తీసుకుని వెళ్లండి.