చంద్రుడి ధూళికి నకలు: అగ్నిపర్వత బూడిద మేలా, సేలం రాతిపొడి మేలా?

బెంగళూరులో ఎమ్మెస్సీ చదివే మన తెలుగు పిల్లలు ప్రాజెక్టుల టైములో అడిగే ప్రశ్న ఇది. అసలు చంద్రుడి మట్టి చేతికి రాదు. మరి ఏ పొడి మీద లేజర్ వేసి, కాంతి ఎటు ఎంత చెదురుతోందో కొలవాలి?

కొలిచేది ధ్రువణమైతే, అంటే కాంతి తరంగాలు ఒకే దిశలో ఎంతమేర ఊగుతున్నాయో అయితే, నా ఓటు బూడిదకే. 1929లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త బెర్నార్డ్ లియో చంద్రుడి వెలుగులోని ధ్రువణాన్ని రకరకాల పొడులతో పోల్చి చూశాడు. దగ్గరగా సరిపోయింది అగ్నిపర్వత బూడిద. చంద్రుడి మీద ఉన్నది బూడిద కాదని అపోలో నమూనాలతో తేలిపోయింది. అయినా ఆ పోలికకు కారణం ఉంది. ధ్రువణం రేణువు ఆకారాన్ని, సైజును, నల్లదనాన్ని బట్టి మారుతుంది, రసాయనాన్ని నేరుగా చెప్పదు. బూడిద రేణువును మైక్రోస్కోప్ కింద పెడితే, పగిలిన గ్యాస్ బుడగల గోడలు వంపు తిరిగిన గాజు పెంకుల్లా, పదునైన అంచులతో కనిపిస్తాయి. చంద్రధూళిలోనూ చిన్న ఉల్కల దెబ్బకు కరిగి అతుక్కున్న, బుడగలున్న గాజు ముద్దలు చాలా ఉంటాయి. దంచిన రాతిలో ఈ ఆకారాలు రావు. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం చదునైన ముఖాలుగా విరుగుతుంది.

రాతిపొడిని తక్కువ చేయడం కాదు. సేలం దగ్గర, నామక్కల్ జిల్లా సిత్తంపూండిలో దొరికే అనార్థోసైట్‌తో (ఎక్కువగా ఫెల్డ్‌స్పార్ ఉండే లేత రంగు రాయి) ఇస్రో కృత్రిమ చంద్రమట్టి చేసి, 2020లో పేటెంట్ పొందింది. ల్యాండర్, రోవర్ పరీక్షలకు ఆ మట్టి ఇక్కడే, బెంగళూరులో వాడారు. 2023లో చంద్రయాన్-3 దిగిన చోట మట్టి కూడా అనార్థోసైట్ జాతిదేనని దాని రోవర్ ప్రజ్ఞాన్ కొలతలు చెప్పాయి. అలాంటి చోటి ఖనిజాల వర్ణపటం కావాలంటే బూడిద ఆ రాతికి సాటిరాదు.

మనవాళ్లు నంద్యాల జిల్లా జ్వాలాపురం బూడిద గురించి తప్పకుండా అడుగుతారు. దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా పేలినప్పుడు పడిన బూడిద అది. ఆకారాల ప్రభావం నేర్చుకోవడానికి చాలా బాగుంటుంది. కానీ సిలికా ఎక్కువ, ఇనుము తక్కువ, రంగు తెల్లన. తెల్లటి పొడిలో కాంతి రేణువుల మధ్య పదేపదే చెదిరి ధ్రువణాన్ని పలచబరుస్తుంది. కాబట్టి దాని అంకెల్ని చంద్రుడికి అంటగట్టకండి. చంద్రుడి నల్లటి మైదానాలకు బసాల్ట్ (నల్లటి లావా రాయి) జాతి బూడిదే నయం. అమెరికా వాళ్ల కృత్రిమ చంద్రమట్టి జేఎస్‌సీ-1ఏ కూడా అరిజోనాలోని అలాంటి బూడిదతోనే చేసింది.

ఏది ఎంచుకున్నా రేణువుల్ని గుండ్రని గోళాలనుకుని లెక్క కట్టొద్దు. సూత్రం సులువే గానీ, గరుకు ధూళికి కొలతలు ఒక దారి, లెక్క ఇంకో దారి అవుతాయి. పొడిని జల్లించి సైజుల వారీగా విడివిడిగా కొలవండి. జల్లించేటప్పుడు మంచి మాస్కు తప్పనిసరి. ఆ గాజు పెంకులు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.