హబ్ డైనమోతో మూడేళ్లు: నా రాత్రుల్ని మార్చిన ముందు చక్రం

మూడేళ్ల కిందట సైకిలు ముందు చక్రానికి హబ్ డైనమో (చక్రం తిరుగుతుంటే దాని నడిమధ్య ఇరుసు దగ్గరే లైటుకి కరెంటు పుట్టించే పరికరం) వేయించుకున్న దగ్గర్నుంచీ నేను రాత్రిళ్లు లెక్కలు కట్టడం మానేశాను. అది ఎంత సుఖమో బ్యాటరీ లైటుతో రాత్రంతా తొక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు. పెద్ద వెలుతురు పెడితే రెండు గంటలు, చిన్నది పెడితే ఆరు, ఇప్పటికే గంటా నలభై నిమిషాలు వాడేశాను, ముందున్న దిగుడుకి పెద్దదే కావాలి, తెల్లవారడానికి ఇంకా నాలుగు గంటలుంది... తొక్కినంతసేపూ బుర్రలో ఒక మూల కూడికలూ తీసివేతలూ నడుస్తూనే ఉండేవి. నిద్ర లేని బుర్రకి అది మామూలు బరువు కాదు.

సామానంతా సైకిలుకే కట్టుకుని తొక్కే సుదూర బైక్‌ప్యాకింగ్ రేసుల్లో గడియారం ఆగదు. కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా దక్షిణ సరిహద్దు దాకా కొండల వెంబడి దాదాపు 4,400 కి.మీ. సాగే టూర్ డివైడ్ అయినా, 2013లో సైక్లిస్టు మైక్ హాల్ మొదలుపెట్టిన, యూరప్ మీదుగా సాగే ట్రాన్స్‌కాంటినెంటల్ అయినా పద్ధతి ఒకటే. తిన్నా, పడుకున్నా, ప్లగ్గు దగ్గర ఫోను పెట్టి ఎదురుచూసినా ఆ సమయమంతా మన ఖాతాలోనే పడుతుంది. మనవాళ్లెవరూ దారిలో సాయం అందించకూడదు. నేను తొక్కినవి వాటి ముందు చాలా చిన్నవి, ఏదీ 1,200 కి.మీ. దాటలేదు. డైనమో రాకముందు ఒక రేసు, వచ్చాక మూడు. అంత చిన్న రేసులోనే, మొదటిసారి, ఒక్క లైటు ఛార్జింగు కోసం గోడ పక్కన కూర్చుని దాదాపు మూడు గంటలు పోగొట్టుకున్నాను. ఆ మూడు గంటలూ నిద్ర కూడా పట్టలేదు.

వోల్టులూ వాట్లూ బరువూ రాయను, అవి డబ్బా మీదే ఉంటాయి. ఈడుపు గురించి మాత్రం ఒక మాట. కొత్తలో చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే లోపలి అయస్కాంతాలు పట్టిపట్టి వదులుతున్నట్టు తెలుస్తుంది, డబ్బులు పెట్టి బ్రేకు కొనుక్కున్నామా అని దిగులు పుడుతుంది. లైటు వెలిగితే కాళ్ల నుంచి కొన్ని వాట్లు పోతాయన్నది నిజమే. బ్యాగులన్నీ కట్టుకుని రోడ్డెక్కాక ఆ తేడా నా కాళ్లకి ఏ రోజూ అందలేదు.

రేసుకి తయారవడమంటే మొదట్లో నాకు కిలోమీటర్లు పోగేయడమే. వారాంతం రెండు రోజులూ వరసగా 150 చొప్పున తొక్కడం, తొక్కుతూనే తిని అరిగించుకోవడం, ఆఖరి రెండు వారాలు తగ్గించుకుని ఒంటికి విశ్రాంతి ఇవ్వడం. అవన్నీ కావాల్సినవే. రాత్రిని మాత్రం సాధన చేయాలని తట్టలేదు. ఆ మొదటి రేసులో తెల్లవారుజామున మూడింటికి, కాళ్లలో సత్తువ ఉండగానే, ఎక్కడా నొప్పి లేకుండానే, సైకిలు దారి పక్కన పడుకోబెట్టి తెల్లారేదాకా కూర్చుండిపోయాను. ఒంటి వేడి రోజు మొత్తం మీద బాగా తగ్గేది ఆ వేళలోనే. చలి వేస్తుంది, కళ్లు మూతపడతాయి, ఎందుకొచ్చిన గొడవ ఇదంతా అనిపిస్తుంది. అది ఒంటి గడియారం పని అని, వెలుగు రాగానే దానంతటదే పోతుందని నాకు అప్పుడు తెలియదు. నాలో పట్టుదల లేదేమో అనుకున్నాను.

డైనమో వచ్చాక వారానికి ఒక రాత్రి రెండింటికి లేచి బయల్దేరేవాణ్ణి. తెల్లారేదాకా తొక్కడం, తర్వాత ఇంటికి రావడం. లైటు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కాబట్టి వంక దొరికేది కాదు. నాలుగైదు వారాలకే మూడింటి దిగులు గుర్తుపట్టడం వచ్చింది. ‘ఇదిగో వచ్చింది, ఇంకో గంటన్నర ఉంటుంది’ అనుకుని ఏదైనా తిని, తక్కువ గేరులోకి వచ్చి, మెల్లగా సాగిపోవడం అలవాటైంది. సుదూర రేసుకి మనసుని తయారు చేసుకోవడం గురించి నన్నెవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ రాత్రి సాధనే.

లైటుని హ్యాండిల్ మీద కాకుండా, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు తల దగ్గర, చక్రానికి కాస్త పైన బిగించుకున్నాను. హ్యాండిల్ బ్యాగు అడ్డం కాబట్టి తప్పక చేసిన పని అది. తొక్కాక తెలిసింది దాని గొప్ప. వెలుతురు కింద నుంచి వెళ్తుంది కాబట్టి కంకర దారిలో ప్రతి రాయికీ పొడుగాటి నీడ పడుతుంది, గుంత అంచు నల్లటి గీతలా కనిపిస్తుంది. తలకి కట్టుకునే లైటులో ఇది ఉండదు. వెలుతురూ చూపూ ఒకే చోటి నుంచి బయల్దేరతాయి కాబట్టి నీడలన్నీ రాళ్ల వెనకే దాక్కుంటాయి, దారంతా చదునుగా అనిపిస్తుంది. మెడకి కూడా మేలు జరిగింది. రోజుల తరబడి ముందుకి వంగి తల పైకెత్తి చూడ్డం వల్ల మెడ కండరాలు పూర్తిగా చేతులెత్తేసే స్థితిని ‘షెర్మర్స్ నెక్’ అంటారు, 1983 రేస్ అక్రాస్ అమెరికాలో మైకేల్ షెర్మర్‌కి అలా జరగడంతో ఆ పేరు వచ్చింది. నాకు అంత దూరం వెళ్లలేదు గానీ హెల్మెట్ మీద బరువు తీసేశాక రెండో రోజు సాయంత్రం వచ్చే మెడ పోటు బాగా తగ్గింది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆగాక కూడా ఆరిపోని వెలుతురు. లైటు లోపలి కెపాసిటరు కొంత కరెంటు దాచుకుని, చక్రం ఆగాక కూడా కొన్ని నిమిషాలు సన్నగా వెలుగుతుంది. నీళ్లు తాగడానికి ఆగినా, జాకెట్టు వెతుక్కున్నా మన చుట్టూ చీకటి ఒక్కసారిగా కమ్ముకోదు.

నన్ను దెబ్బతీసింది కూడా ఆ వెలుతురే.

మూడో రేసు, రెండో రాత్రి, దాదాపు 540 కి.మీ. దగ్గర పొడుగాటి ఎక్కుడు. గంటకి ఏడెనిమిది కిలోమీటర్లకి మించి పోవడం లేదు. ఆ వేగంలో ఈ లైటు గుండె కొట్టుకున్నట్టు మినుకు మినుకుమంటుంది, అది నాకు అలవాటే. శిఖరం దగ్గర పడుతుండగా మినుకు ఆగిపోయి వెలుతురు సన్నబడింది. నేనే మరీ నెమ్మదించాననుకున్నాను. పైన ఆగి జాకెట్టు వేసుకున్నాను. సన్నగా వెలుగుతూనే ఉంది, ఆగినప్పుడు అంతే కదా అనుకున్నాను. దిగుడు మొదలైంది. వేగం పెరిగింది గానీ వెలుతురు పెరగలేదు. ఒక మలుపు తిరిగాను. రెండో మలుపు సగంలో ఉండగా లైటు పూర్తిగా ఆరిపోయింది.

అప్పటికి ఎంతసేపటి నుంచో నాకు దారి చూపిస్తున్నది కెపాసిటరులో మిగిలిన కాస్త కరెంటే. డైనమో నుంచి లైటుకి ఏమీ అందడం లేదు.

రెండు బ్రేకులూ పట్టి, ఒక కాలు నేలకి రాసి ఎలాగో ఆగాను. మొదట వచ్చిన ఆలోచన నా చూపు పోయిందేమోనని. నలభై గంటల్లో రెండున్నర గంటలు పడుకున్నవాడికి అలాంటివే తోస్తాయి. జేబులోంచి హెడ్‌ల్యాంపు తీసి నొక్కాను. ఎర్ర చుక్క ఒకటి మెరిసింది, అంటే అడుగంటిందని. రేసుకి ముందు వారం దాన్ని ఛార్జింగులో పెట్టలేదు. డైనమో ఉంది కదా అన్న ధీమాతో తెలిసే వదిలేశాను. ఆ వెలుతురులోనే సైకిల్ని పక్కకి లాగి, నేల మీద కూర్చుని, పది నిమిషాలు ఏమీ ముట్టుకోలేదు. సాధనలో నేర్చుకున్న ఒకే ఒక్క నియమం అప్పుడు గుర్తొచ్చింది: చీకట్లో ఏ నిర్ణయమైనా కూర్చుని, తిన్నాకే. తిన్నాను.

సైకిలు తలకిందులు చేసి, ఎడమ చేత్తో ముందు చక్రం తిప్పుతూ, కుడి చేత్తో వైరుని హబ్బు దగ్గర్నుంచి జానెడు జానెడు చొప్పున కదిలిస్తూ వచ్చాను. కనెక్టర్లు బిగువుగానే ఉన్నాయి. ఫోర్కు వెంబడి ఏమీ లేదు. వైరు ఫోర్కు తల దాటి లైటులోకి వంగే చోట వేలు పెట్టి నొక్కగానే లైటు ఒక్క క్షణం వెలిగి ఆరింది. మళ్లీ నొక్కాను, మళ్లీ వెలిగింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి పోగులు తెగిపోయాయి. సైకిలు కట్టేటప్పుడు అందంగా ఉంటుందని ఆ వైరుని ఫోర్కుకి బిగించి కట్టాను. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా, బ్యాగు పట్టీ కదిలినప్పుడల్లా అదే ఒక్క చోట వంగి, విడిచి, వంగి, విడిచి, ఏ వందవ గంటకో లోపలి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోయాయి.

తెలిశాక బాగుచేయడం పెద్ద పని కాదు, ఇంట్లో అయితే ఐదు నిమిషాలు. కానీ అప్పటికి నా రెండు చేతుల్లోనూ చిటికెన వేలూ ఉంగరపు వేలూ మొద్దుబారి ఉన్నాయి. హ్యాండిల్ మీద గంటల తరబడి అరచేతి అంచు ఒత్తుకుంటే అల్నార్ నరం నలిగి అలా అవుతుంది. వేళ్లు తిమ్మిరెక్కడంతో ఆగదు, బొటనవేలితోనూ చూపుడువేలితోనూ గట్టిగా గిల్లే పట్టు కూడా పోతుంది. సన్నటి వైరు మీది తొడుగు చాకుతో గీసి లాగాలంటే కావాల్సింది సరిగ్గా ఆ పట్టే. మొదటిసారి పోగులన్నీ తొడుగుతో పాటే ఊడొచ్చాయి. రెండోసారి చాకు జారింది. మూడోసారి పంటితో పట్టుకుని లాగాను. పోగులు మెలేసి, టేపు చుట్టి, రెండో తీగకి తగలకుండా విడదీసి కట్టేసరికి యాభై నిమిషాలైంది. హెడ్‌ల్యాంపు మధ్యలోనే ఆరిపోయింది, ఆఖరి పని ఫోను వెలుతురులో చేశాను.

చక్రం గట్టిగా తిప్పాను. తలకిందులుగా ఉన్న లైటులోంచి వెలుతురు పైకి లేచి ఎదురుగా ఉన్న చెట్టు మీద పడింది. కింది కొమ్మల నుంచి చిటారు దాకా ఒక్కో ఆకూ పచ్చగా కనిపించింది. చక్రం నెమ్మదించేదాకా చెట్టునే చూస్తూ ఉండిపోయాను. ఆ రేసు పూర్తి చేశాను, నేను అనుకున్న సమయం కంటే నాలుగు గంటలు ఆలస్యంగా.

ఇందులో డైనమోది తప్పేమీ లేదు. హబ్బు ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ఇబ్బంది పెట్టలేదు, వానలో మునిగినా బురదలో నానినా తిరుగుతూనే ఉంది. కానీ పైన నేను అంత పొగిడిన ఆగాక ఆరని వెలుతురుని ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా చూస్తున్నాను. అది ఆగినవాడికి మేలు చేస్తుంది, కదులుతున్నవాడి దగ్గర లోపాన్ని దాచేస్తుంది. అందుకే ఎక్కుడు మీద వెలుతురు తగ్గినప్పుడల్లా మినుకు ఉందా లేదా అని చూస్తాను. మినుకుంటే డైనమో పని చేస్తున్నట్టే. నిలకడగా సన్నబడితే అప్పుడే దిగి చూడాలి.

లెక్కలు మానేశానన్న మాటని కూడా ఛార్జింగు విషయంలో సవరించుకోవాలి. లైటూ ఛార్జరూ తాగేది ఒకే కరెంటు, రాత్రిళ్లు లైటు వెలుగుతుంటే ఛార్జరుకి మిగిలేది దాదాపు సున్నా. పగలు కూడా గంటకి 14, 15 కి.మీ. దాటితేనే నాకు చెప్పుకోదగ్గంత ఎక్కుతుంది. ఫోనుని నేరుగా తగిలిస్తే వేగం తగ్గినప్పుడల్లా ఛార్జింగు తెగి, కలిసి, స్క్రీను వెలిగి, ఉన్నది కూడా తగలేస్తుంది. అందుకని మధ్యలో చిన్న పవర్‌బ్యాంకు పెట్టి, పగలు దాన్ని నింపి, పడుకునేటప్పుడు దాని నుంచి ఫోనుకి ఎక్కించుకుంటున్నాను. చదును దారిలో ఒక రోజు తొక్కుడికి జీపీఎస్ పూర్తిగా, ఫోను సగం నిండుతాయి. కొండల్లో రోజంతా ఎక్కుతూ గడిపితే జీపీఎస్ ఒక్కటీ నిండితే అదృష్టం.

సాధన కూడా మారింది. నెలకోసారి, పొడుగు తొక్కుడు అయిపోయి చేతులు అలిసిపోయి ఉన్నప్పుడే, దీపాలార్పి ఒక పాత వైరు ముక్కని కోసి, తొడుగు తీసి, మళ్లీ కలుపుతాను. చేతి తొడుగులతో ఒకసారి, అవి లేకుండా ఒకసారి. ఇప్పుడు పన్నెండు నిమిషాల్లో అవుతోంది. పావుగంటకోసారి చేతులు మార్చి పట్టుకోవడం, హ్యాండిల్ నుంచి ముందుకి సాగి ఉండే ఏరోబార్ల మీద మోచేతులు ఆనించి అరచేతులకి విశ్రాంతి ఇవ్వడం మొదలుపెట్టాక వేళ్ల మొద్దు కూడా ఒక రోజు ఆలస్యంగా వస్తోంది. హెడ్‌ల్యాంపు ప్రతి రేసుకీ ముందు నిండా ఛార్జి చేసి, విడిగా సంచిలో పెట్టి, కట్టేస్తున్నాను.

మీరు కొనాలా అంటే, అది మీరు తొక్కే తీరుని బట్టి ఉంటుంది. నేను నెమ్మదిగా తొక్కేవాణ్ణి, రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా పడుకుని చీకట్లోనే బయల్దేరతాను, నాకు వెలుతురు రోజుకి ఐదారు గంటలు కావాలి, దారులు చాలావరకు చదును. నాలాంటివాళ్లకి పెట్టిన డబ్బు వృథా పోదు. రాత్రంతా పడుకుని పగలే తొక్కేవాళ్లకీ, రెండు రోజుల్లో ముగిసే రేసులకీ మంచి బ్యాటరీ లైటూ పెద్ద పవర్‌బ్యాంకూ చాలు, చక్రం మార్చే ఖర్చు దండగ. నిటారు కొండల రేసు వేసుకున్నవాళ్లు మాత్రం ముందు ఎవరి దగ్గరైనా ఈ చక్రం అడిగి తీసుకుని, బరువంతా కట్టుకుని, ఒక రాత్రి ఎక్కుడు మీద తొక్కి చూడండి. ఆ మినుకు కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది.

వచ్చే రేసుకి ఇంకా పదకొండు వారాలుంది. బేరింగుల కోసం హబ్బుని ఒకసారి విప్పించాలి. కొత్త వైరు వేశాను, ఫోర్కు తల దగ్గర బెత్తెడు వదులు ఉంచి కట్టాను. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూస్తే ఇప్పుడు ఎక్కడా బిగుసుకోవడం లేదు.