పడిన స్కూటర్‌కి పార్టులు: పుదుపేటా, జీపీ రోడ్డా?

చెన్నైలో తక్కువ డబ్బుతో స్కూటర్ మనమే బాగుచేసుకోవాలంటే దారులు రెండు: పుదుపేటలో పాత పార్టులు, జీపీ రోడ్డులో కొత్తవి.

ప్యానెళ్లు, అద్దాలు పాతవి చాలు. ప్యానెల్ వెనక స్క్రూ చెవులు విరిగాయేమో చూడండి. గీతలదేముంది, రంగేస్తే పోతాయి.

టెలిస్కోపిక్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు తగ్గించే జత గొట్టాలు) దగ్గర మాత్రం జాగ్రత్త. అందులోని పాత రాడ్డుని మందపాటి అద్దం మీద దొర్లిస్తే వంకర బయటపడుతుంది. తిన్నగానే ఉన్నా, క్రోమ్‌పై తుప్పు గుంటలుంటే ఆయిల్ ఆపే రబ్బరు సీలు కొత్తదైనా చిరిగి ఆయిల్ కారుతుంది. అలాంటిది వదిలేసి కొత్తదే కొనండి.

బ్రేక్ షూలు, కేబుళ్లు, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కొత్తవే. కోన్‌సెట్ మరీ బిగిస్తే హ్యాండిల్ బరువెక్కుతుంది. వదులైతే ముందు బ్రేక్ పట్టినప్పుడల్లా టక్కుమంటుంది.

ఛాసిస్ నంబరున్న ముక్క ఎంత చవకైనా ముట్టుకోవద్దు. దొంగబండిదైతే కేసు మీ మెడకి చుట్టుకుంటుంది.