సాగుభూమిలో డేటా సెంటర్: షరతులతో ఒప్పుకోవడమా, వద్దనడమా, వేరే చోటు చూపడమా? ఏది మేలు?

పంట పొలాల మధ్య డేటా సెంటర్, అంటే ఇంటర్నెట్ సమాచారాన్ని దాచి నడిపించే వేలాది కంప్యూటర్ల కేంద్రం, కడతామన్న ప్రతిపాదన వస్తే ఊరు చీలిపోతుంది. మంచి ధరకు భూమి అమ్ముకునే అవకాశం వచ్చినవారు ఒక పక్క, ఆ భూమికి ఆనుకుని సేద్యం కొనసాగించవలసినవారు మరో పక్క నిలబడతారు. సొంత భూమి లేని కౌలు రైతును మాత్రం ఏ పక్షమూ అడగదు. ఇలాంటి ఊరి ముందు మూడు దారులు ఉంటాయి: షరతులు పెట్టి ఒప్పుకోవడం, ససేమిరా వద్దనడం, ఇదివరకే పరిశ్రమ నడిచి మూతపడిన స్థలాన్ని చూపి అక్కడ కట్టుకోమనడం. మూడింటికీ లాభనష్టాలు ఉన్నాయి, కానీ అవి సమానంగా లేవు.

వాటిని తూచే ముందు కంపెనీలు పొలాల కోసం ఎందుకు వస్తాయో చూడాలి. నేల చదునుగా ఉంటుంది, కూల్చవలసిన పాత కట్టడాలు ఉండవు, కొద్దిమంది యజమానులతో మాట్లాడితే వందల ఎకరాలు ఒకేచోట దొరుకుతాయి. వీటన్నిటికంటే పెద్ద కారణం ఆ పొలాలకు దగ్గరలో పోయే హైటెన్షన్ లైను. డేటా సెంటర్‌కు కావలసింది ప్రధానంగా కరెంటు. ఐర్లాండ్‌లో మీటర్ల ద్వారా లెక్కకు వచ్చిన విద్యుత్ వాడకంలో డేటా సెంటర్ల వాటా 2015లో 5 శాతం ఉండగా 2024 నాటికి 22 శాతానికి చేరింది. కరెంటు మరోచోట సిద్ధంగా దొరికితే పొలంతో వారికి పని ఉండదు. ఊరివారు బేరమాడినా, పోరాడినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

షరతులతో ఒప్పుకోవాలనే వారి వాదన తేలికగా తీసిపారేయదగ్గది కాదు. ప్రపంచంలో డేటా సెంటర్లు అత్యంత దట్టంగా ఉన్న ప్రాంతం అమెరికాలోని ఉత్తర వర్జీనియా. వర్జీనియా రాష్ట్ర శాసనసభ తరఫున పనిచేసే సమీక్షా సంఘం 2024 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఈ రంగం బాగా పాతుకుపోయిన అయిదు స్థానిక ప్రాంతాల్లో మొత్తం ఆదాయంలో డేటా సెంటర్ల పన్ను వాటా 1 శాతం కంటే తక్కువ నుంచి 31 శాతం దాకా ఉంది. ఆ పై అంచున ఉన్న చోట బడులకూ రోడ్లకూ డబ్బుకు కొదవ ఉండదు. అయితే అదే నివేదిక ఉద్యోగాల గురించి చెప్పిన లెక్కను కూడా పక్కన పెట్టుకోవాలి. రెండున్నర లక్షల చదరపు అడుగుల మామూలు డేటా సెంటర్‌లో నిర్మాణం ముమ్మరంగా సాగేటప్పుడు దాదాపు 1,500 మంది పనిచేస్తారు, నడక మొదలయ్యాక మిగిలేది సుమారు 50 మంది, వారిలోనూ సగం మంది కాంట్రాక్టు ఉద్యోగులు. ఉపాధి పేరు చెప్పి భూమి అడిగేవారిని ఈ రెండో అంకె గురించి నిలదీయాలి.

నీటి విషయంలో వ్యతిరేకులు కూడా జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ నివేదిక ప్రకారం చాలా డేటా సెంటర్లు ఒక పెద్ద ఆఫీసు భవనం వాడేంత నీటినో, అంతకంటే తక్కువనో వాడుతున్నాయి. కొన్ని మాత్రం అంతకు ఎన్నో రెట్లు వాడుతున్నాయి. వేడెక్కే కంప్యూటర్లను నీటిని ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతికి నీరు ఎక్కువ ఖర్చవుతుంది. మూసిన గొట్టాల్లో అదే నీటిని తిప్పే పద్ధతిలో నీరు మిగులుతుంది కానీ సాధారణంగా కరెంటు ఖర్చు పెరుగుతుంది. కాబట్టి ఏ పద్ధతి పెడతారో, ఎండలు ముదిరిన రోజున ఎంత నీరు తీసుకుంటారో అనుమతికి ముందే రాతపూర్వకంగా రాబట్టాలి. ఫ్యాన్ల హోరు, డీజిల్ జనరేటర్లను పరీక్షించే వేళలు, కేంద్రం మూతపడితే కట్టడాలను తొలగించే ఖర్చు కూడా ఆ కాగితంలోనే ఉండాలి. షరతుల దారిలో అసలు లోపం మరొకటి ఉంది. పునాదుల కోసం పైమట్టిని ఎత్తివేసి, అడుగు మట్టిని భారీ యంత్రాలతో దిమ్మిస కొట్టి కాంక్రీటు పోశాక ఆ నేలను మళ్లీ సాగుకు తేవడం దాదాపు అసాధ్యం. పన్ను రాయితీని తర్వాత రద్దు చేసుకోవచ్చు, పోయిన పైమట్టిని తిరిగి తెచ్చుకోలేము.

వద్దనే దారికి నెదర్లాండ్స్‌లోని జేవోల్డె మంచి ఉదాహరణ. సముద్రాన్ని అడ్డగించి, నీటిని తోడి 1968లో బయటికి తెచ్చిన సారవంతమైన నేల అది. అక్కడ 166 హెక్టార్ల సాగుభూమిలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తలపెట్టిన డేటా సెంటర్‌కు 2021 డిసెంబరులో పురపాలక మండలి ఆమోదం తెలిపింది. 2022 మార్చిలో జరిగిన స్థానిక ఎన్నికల్లో దాన్ని వ్యతిరేకించిన పార్టీ అత్యధిక స్థానాలు గెలుచుకుంది, అదే ఏడాది జులైలో మెటా పూర్తిగా వెనుదిరిగింది. ఊరి మాట నెగ్గింది, పొలాలు మిగిలాయి. తర్వాత ఆ దేశ ప్రభుత్వం ఇంత పెద్ద డేటా సెంటర్లను రెండు పురపాలక ప్రాంతాలకే పరిమితం చేసింది. వాటిలో ఒకటైన హోలాండ్స్ క్రోన్‌లో ఇవి వెలసిన మిడెన్‌మేర్ పరిసరాలు కూడా అలాగే సముద్రం నుంచి తీసుకున్న సాగునేలే! గట్టిగా అరవగలిగిన ఊరు బయటపడి, భారం మరో రైతు ప్రాంతం నెత్తిన ఉండిపోవడం న్యాయం అనిపించుకోదు.

పైగా వద్దనే పోరాటం ఏళ్ల తరబడి సాగవచ్చు. వర్జీనియాలోని ప్రిన్స్ విలియం కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 2,100 ఎకరాలకు పైగా గ్రామీణ భూమిని డేటా సెంటర్ల కోసం మార్చే ప్రతిపాదనకు, 27 గంటలపాటు నడిచిన సమావేశం చివర, 2023 డిసెంబరులో ఆమోదం దొరికింది. బహిరంగ ప్రకటన నిబంధనలు పాటించలేదన్న కారణంతో 2025 ఆగస్టులో న్యాయమూర్తి ఆ మార్పు చెల్లదన్నారు. అక్కడ భూమి మార్చమని మొదట ముందుకు వచ్చినవారిలో ఆ ప్రాంతపు భూయజమానులే ఉన్నారన్నది మరువకూడదు. తరాలుగా కాపాడుకున్న భూమిని అమ్ముకునేవారిని దోషులుగా చూడడం నాకు సమ్మతం కాదు, సేద్యం గిట్టుబాటు అయితే చాలామంది ఆ పని చేయరు.

మూడో దారికి కూడా ఆధారాలు ఉన్నాయి. ఫిన్లాండ్‌లోని హమీనాలో మూతపడిన కాగితపు మిల్లును గూగుల్ 2009లో కొని డేటా సెంటర్‌గా మార్చింది. మిల్లు కోసం ఎప్పుడో తవ్విన సొరంగం గుండా వచ్చే సముద్రపు నీటితోనే యంత్రాలను చల్లబరుస్తోంది. అమెరికాలోని అలబామాలో మూసివేతకు వచ్చిన విడోస్ క్రీక్ బొగ్గు విద్యుత్ కేంద్రం స్థలంలో డేటా సెంటర్ కడతామని ఆ సంస్థే 2015లో ప్రకటించింది. అక్కడికి చేరే విద్యుత్ లైన్లు అప్పటికే ఉండడం ఆ ఎంపికకు ఒక ముఖ్య కారణం. పాత విద్యుత్ కేంద్రంలో లైన్లు, సబ్‌స్టేషన్, రోడ్డు ముందే ఉంటాయి, పాడు కావడానికి పైమట్టి మిగిలి ఉండదు. నేలలో పేరుకున్న రసాయనాలను శుభ్రం చేసే ఖర్చు మాత్రం ఉంటుంది, కంపెనీలు వెనకాడేది అక్కడే. ప్రభుత్వాలు డేటా సెంటర్లకు ఇచ్చే పన్ను మినహాయింపును పొలాల మీద కట్టేవాటికి ఆపి, ఇలాంటి స్థలాల్లో కట్టేవాటికే ఇస్తే ఆ వెనకంజ చాలావరకు తగ్గుతుంది.

పాత పరిశ్రమ స్థలమైనంత మాత్రాన రైతుకు ఇబ్బంది ఉండదని కూడా అనుకోకూడదు. మేరీలాండ్ రాష్ట్రంలోని ఫ్రెడరిక్ కౌంటీలో 2005లో ఆగిపోయిన అల్యూమినియం కర్మాగారపు స్థలంలో డేటా సెంటర్లు లేస్తున్నాయి. ఆ ప్రాంతంలోని సబ్‌స్టేషన్ దాకా సుమారు 67 మైళ్ల పొడవున 500 కిలోవోల్టుల కొత్త లైను వేయాలన్న ప్రతిపాదన మూడు కౌంటీల పొలాల మీదుగా పోతుంది. సర్వే బృందాలను చాలామంది రైతులు తమ భూముల్లో అడుగు పెట్టనివ్వలేదు. కాబట్టి ప్రత్యామ్నాయ స్థలం చూపేటప్పుడు దానికి ఎంత కరెంటు ఇప్పటికే చేరగలదో, కొత్త లైను ఎవరి చేల మీదుగా పోతుందో కూడా తేల్చుకోవాలి.

ఇన్ని చూశాక నా ఓటు మూడో దారికే. అయితే ఒక్క ఊరి చేతిలో ఆ దారి లేదు. ఏ స్థలాలు ఇందుకు తగినవో రాష్ట్ర స్థాయిలో ముందే గుర్తించి ప్రకటించవలసి ఉంటుంది. ఆ జాబితా లేని చోట ఊరు చేయగలిగింది సాగుభూమిని వేరే అవసరానికి మార్చే భూ వినియోగ మార్పిడి దశలోనే వద్దనడం, ఆ అభ్యంతర పత్రంతోనే దగ్గరలోని మూతపడిన కర్మాగారాల వివరాలను జతచేయడం. మార్పిడికి ఆమోదం పడిపోయాక షరతులకు పెద్దగా పదును ఉండదు. అధికారులు కంపెనీతో గోప్యతా ఒప్పందం చేసుకుని, వచ్చేది ఎవరో కూడా చెప్పని చోట మాత్రం చర్చకు కూర్చోకముందే ఆ ఒప్పందాన్ని బయటపెట్టమని పట్టుబట్టాలి. ఎదుటి పక్షం ఎవరో తెలియకుండా నీటి లెక్క గానీ, కరెంటు లెక్క గానీ అడిగి రాబట్టడం కుదరదు.