వెర్డన్‌, బ్యాటిల్‌ఫీల్డ్ 1: ఏది కొనాలి?

రెండూ మొదటి ప్రపంచ యుద్ధం గేములే. 2016లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 1 చూడ్డానికి కన్నుల పండగ. కానీ అప్పట్లో చాలామంది సైనికులు బోల్ట్ రైఫిల్‌తోనే (ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ లాగాల్సిన తుపాకీ) నెట్టుకొచ్చారు. ఇందులో ఎటు చూసినా ఆటోమేటిక్ తుపాకుల మోత. విడుదలప్పుడు 60 డాలర్లు పలికిన అసలు గేమ్‌లో ఫ్రాన్స్, రష్యా సైన్యాలే లేవు! పశ్చిమ రణరంగంలో అంత భారం మోసిన ఫ్రెంచివాళ్లను 2017లో విడిగా అమ్మారు. చరిత్రకూ, జేబుకూ ఒకేసారి చిల్లు.

2015 నాటి వెర్డన్‌ చవక. గ్రాఫిక్స్ అంతంత మాత్రమే, కథా మోడ్ లేదు. అయితే కందకంలోంచి తల ఎత్తితే ఒక్క తూటాకే ఖతం. ఫ్రెంచివాళ్ల లెబెల్ రైఫిల్‌లో గుళ్లు ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే, శత్రువు వచ్చేస్తాడేమోనని ఒకటే టెన్షన్.

ఒంటరిగా, కథ కోసం ఆడేవాళ్లకు బ్యాటిల్‌ఫీల్డే మేలు, అదీ డిస్కౌంట్‌లో. నేనైతే వెర్డన్‌కే డబ్బు పెడతా.